తోలుబొమ్మ మీది చుక్క: సరిహద్దు తెలుగు సీమలో బిందుచిత్రణ

తెలుగులో ‘చుక్క’ అన్న మాట ఒక్కటే అయినా అది చేసే పనులు చాలా ఉన్నాయి. నొసట దిద్దుకొనేది చుక్క. ఆకాశంలో వెలిగేదీ చుక్కే. చూరు నుంచి జారేదీ చుక్కే. పసిబిడ్డకు కాటుకతో పెడితే అది దిష్టిచుక్క, పెళ్ళికూతురికి పెడితే బుగ్గచుక్క, తెల్లవారుజామున తూర్పున కనబడితే వేగుచుక్క. కన్నడంలోనూ ‘చుక్కె’, ‘చుక్కి’ అన్న రూపాలున్నాయి. అక్కడ కూడా గీసిన చుక్కకూ నింగిలోని చుక్కకూ ఒకే మాట చెల్లుతుంది. రెండు భాషలూ ఒకే ఇంట్లో వినబడే సీమలో పుట్టి పెరిగినవారికి ఇది విశేషంగా తోచకపోవచ్చు. చిత్రకళ గురించి ఆలోచించేటప్పుడు మాత్రం ఈ మాట ఎంతో ఉపకరిస్తుంది. రంగుతో పెట్టిన చుక్క వేరు, వెలుగుతో ఏర్పడ్డ చుక్క వేరు. తెలుగువాడు రెంటినీ ఒకే పేరుతో పిలిచాడు. ఈ వ్యాసంలో చెప్పదలచుకొన్నది ఆ రెండవ చుక్క గురించి.

చిన్నచిన్న చుక్కలతో బొమ్మను కట్టే పద్ధతి అనగానే చిత్రకళా చరిత్ర చదివినవారికి ఫ్రాన్సు దేశపు జార్జ్ సూరా (1859–1891) గుర్తుకు వస్తాడు. ఆయన 1884లో మొదలుపెట్టి 1886లో ప్రదర్శనకు పెట్టిన ‘గ్రాంద్ జాత్ దీవిలో ఆదివారం మధ్యాహ్నం’ అన్న చిత్రం సుమారు రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పు గల పెద్ద పటం. దగ్గరికి వెళితే చుక్కలు, దూరం జరిగితే మనుషులు, చెట్లు, నది. రంగులను పలకమీద కలపకుండా పటం మీద పక్కపక్కనే పెడితే చూసేవాడి కంటిలో అవి కలుస్తాయన్నది ఆయన నమ్మకం. ఆయన మిత్రుడు పాల్ సిన్యాక్ ఈ పద్ధతిని సమర్థిస్తూ 1899లో ఒక పుస్తకమే ప్రకటించాడు. మనం దీనిని ఇక్కడ ‘బిందుచిత్రణ’ అని పిలుచుకుందాం.

సూరాకు ఈ ఆలోచన రావడానికి ఆధారమైనవాళ్ళలో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త ఒకడు. ఆయన చిత్రకారుడు కాడు. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకం విభాగానికి అధికారి. అక్కడి నల్లదారం వెలవెలబోతున్నదని ఫిర్యాదులు వస్తే పరీక్షించి చూశాడు. దోషం అద్దకంలో లేదనీ, పక్కనున్న రంగుల వల్ల నలుపు తేలిపోయినట్లు కనిపిస్తున్నదనీ తేల్చాడు. ఆ పరిశోధనే 1839లో గ్రంథమయింది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన పట్టుచీర మడత కదిలినప్పుడల్లా మూడో రంగు మెరవడం ధర్మవరం నేతగాళ్ళకు నిత్యానుభవం. వాళ్ళకు షెవ్రోల్ చెప్పిన సంగతి వింతగా ఉండదు. ధర్మవరం పేరు ఇక్కడ ఊరకే ఎత్తలేదు. మన కథ ఆ పక్కకే వెళుతుంది.

ముందుగా కథ మొదలయ్యే చోటు చెప్పాలి. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లాలో బాగేపల్లి, చింతామణి పరిసరాల్లో చాకవేలు అనే ఊరుంది. జిల్లా కొత్తది. 2007 దాకా ఇదంతా కోలారు జిల్లా. ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం, కచేరీ కాగితాల్లో కన్నడం, భజనల్లో రెండూ. చింతామణి తాలూకాలోని కైవారంలో నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తెలుగు మాట్లాడేవారు సగానికి మించి ఉన్న కోలారు జిల్లాను మైసూరు రాష్ట్రంలోనే ఉంచమని చెప్పింది. తెలుగు సాహిత్య చరిత్రలు, తెలుగు జానపద కళల చరిత్రలు ఈ సీమను తరచు ఒక వాక్యంతో దాటిపోవడానికి అది ఒక కారణం. కన్నడ చరిత్రలు కూడా దీనిని అంతే తొందరగా దాటిపోతాయి.

గీత అక్కడ గీశారు గాని ఏరు ఆ గీతను లెక్కచేయదు. నందికొండల ప్రాంతంలో పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా ఉత్తరంగా సాగి, పుట్టపర్తి దాటి, ధర్మవరం చెరువును నింపి, చివరకు పెన్నలో కలుస్తుంది. ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. ఒకప్పటి అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు నేటికీ ఎక్కువగా కనిపించే ఊళ్ళలో అది ఒకటి. బొమ్మల ఊరికి పోయే ఏటికి చిత్రావతి అని పేరుండడం యాదృచ్ఛికమే. చెప్పుకోవడానికి మాత్రం బాగుంది.

బాగేపల్లి సీమలో చుక్కతో చేసే పనులు మరి రెండు కనిపిస్తాయి. వాటిని పక్కన పెట్టి చూస్తే తోలుబొమ్మ మీది చుక్క ప్రత్యేకత తెలుస్తుంది. మొదటిది ముగ్గు. ‘పదిహేను చుక్కలు, మధ్యచుక్క, ఎనిమిది వరకు’ అని ఒకామె చెబితే మరొకామె కాగితం చూడకుండా వాకిట్లో పెట్టేయగలదు. నడుమ వరుసలో 15, దానికి ఇరువైపులా 14, 13, 12 అని తగ్గుతూ 8 దగ్గర ఆపితే మొత్తం 169 చుక్కలు. అదొక షడ్భుజి. మధ్యచుక్కకు బదులు ఎదురుచుక్క అంటే లెక్క మారుతుంది, ఆకారమూ మారుతుంది. ఇందులోని గణితాన్ని గుర్తించి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ఆచార్యులు గిఫ్ట్ సిరోమణి గారు, సహ పరిశోధకులతో కలిసి, 1974లో కంప్యూటర్ శాస్త్ర పత్రికలో వ్యాసం ప్రకటించారు. తమిళుల కోలం మీద చేసిన ఆ పని మన మెలికల ముగ్గుకూ వర్తిస్తుంది. కాని గమనించవలసింది ఏమంటే, ముగ్గులో చుక్క బొమ్మ కాదు, బొమ్మకు కొలత. గీత వచ్చాక చుక్క దాని కింద దాగిపోతుంది. మెలికల ముగ్గయితే గీత చుక్క చుట్టూ తిరిగి దానిని గదిలో పెట్టినట్లు బంధిస్తుంది. రెంటిలోనూ మన కన్ను వెంబడించేది గీతనే.

రెండవది పచ్చబొట్టు. పేరులోనే బొట్టు ఉంది. దక్షిణదేశమంతటా ఎరుకల, కొరచ స్త్రీలు పచ్చ పొడిచేవారని థర్స్టన్ 1909 నాటి గ్రంథంలో నమోదు చేశాడు. పచ్చబొట్టును కన్నడంలో ‘హచ్చె’ అంటారు. మన ‘పాలు’ వాళ్ళకు ‘హాలు’ అయినట్లే మన ‘పచ్చ’కు పక్కన వాళ్ళ ‘హచ్చె’. మోచేతి మీద తేలుగాని, తులసికోటగాని సూది మొనతో చుక్క చుక్కగా పొడవవలసిందే. గీతలాగా లాగడానికి వీలులేదు. అయితే ఏళ్ళు గడిచే కొద్దీ చర్మం సాగి చుక్కలు ఒకదానిలోకి ఒకటి పాకి గీతలవుతాయి. పొడిచిన చేతికి తెలిసిన చుక్క చూసే కంటికి తెలియదు.

తోలుబొమ్మ మీద అలా కాదు. అక్కడ చుక్క దాగదు, గీతగా మారదు. పైగా బొమ్మ అంతటిలో ముందు కంటికి తగిలేది అదే. కారణం తెలియాలంటే బొమ్మ చేసే తీరు కొంత వివరంగా చూడాలి.

వెనుకటి రోజుల్లో దేవతా పాత్రలకు లేడి, జింక తోళ్ళు వాడేవారని, మామూలు పాత్రలకు మేకతోలు వాడేవారని చెబుతారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తరువాత లేడి, జింక తోళ్ళ మాట లేదు. ఎక్కువగా మేకతోలే. తోలును నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలూ లోపలి కండా గీకి తీసి, బిగలాగి మేకులు కొట్టి ఎండబెడతారు. చెప్పులు కుట్టేవారు చేసినట్లు దీనిని చెక్కపట్టతో పదును పెట్టరు. అలా పెడితే తోలు మెత్తబడుతుంది గాని వెలుగును ఆపేస్తుంది. పచ్చితోలు గీకి ఎండబెడితే తేనెరంగులో పలచగా, వెనుకనున్న దీపం కనబడేటట్లు తయారవుతుంది. దాని మీద బొమ్మ గీస్తారు. తరువాత చెక్క దిమ్మ మీద పరచి, చిన్నచిన్న ఉలులతో, సుత్తి దెబ్బలతో చిల్లులు కొడతారు. గుండ్రటి చిల్లు, బియ్యపు గింజ వంటి చిల్లు, నెలవంక వంటి చిల్లు, సీసపు పలక వంటి నలుచదరపు చిల్లు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఉలి. రంగులు రెండు వైపులా వేస్తారు, బొమ్మ ఎటు తిరిగినా పనికివచ్చేటట్లు. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు ప్రధానం. తల, భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్ళ వంటి చోట్ల ముక్కలను దారంతో కలుపుతారు. నడిమధ్య వెదురుబద్ద. ఎత్తు నాలుగైదడుగుల నుంచి మనిషెత్తు దాకా ఉంటుంది. భారతదేశంలోని నీడబొమ్మల్లో ఇంత పెద్దవి మరెక్కడా లేవు.

ఇందులో చిల్లుల పని ఏమిటి? అలంకారం అని మామూలుగా సమాధానం చెబుతారు. కిరీటం, కంఠహారం, వడ్డాణం, భుజకీర్తులు, చీర అంచు, వీటన్నిటినీ చిల్లుల వరుసలతోనే చూపిస్తారు గనుక ఆ సమాధానం తప్పు కాదు, కాని సరిపోదు. చిత్రకారుడికి తెలుపు కావాలంటే సున్నం పూస్తాడు. బాగేపల్లి నుంచి ఎక్కువ దూరం లేని లేపాక్షిలో, విజయనగర పాలకుడు అచ్యుతరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ సోదరులు కట్టించారని చెప్పే వీరభద్రాలయం కప్పు మీద, చీరల గళ్ళూ చారలూ నగలూ ఎంత ఓపికగా చిత్రించారో చూసినవారికి తెలుసు. తోలుబొమ్మల మొగాలు, పక్కకు తిప్పిన ముక్కుతీరు, పెద్ద కళ్ళు, బట్టల మీది నమూనాలు లేపాక్షి చిత్రాలను తలపిస్తాయని పరిశీలకులు పలుమార్లు అన్నారు. కాని లేపాక్షి చిత్రకారుడి తెలుపు తోలుబొమ్మవాడికి పనికిరాదు. తోలుమీద సున్నం పూస్తే వెలుగు దాటదు. బొమ్మను చేతిలో పట్టుకొని చూస్తే తెల్లగా ఉంటుంది గాని తెర మీదికి వచ్చేసరికి నల్లగా కనిపిస్తుంది. అంటే అతనికి తెలుపు పూసే వీలు లేదు. ఉన్న దారి ఒక్కటే: తోలును తీసివేయడం. చిల్లు ఉన్నచోటనే దీపపు వెలుగు ఏ రంగూ అంటకుండా తెరను తాకుతుంది. అందుచేత ముత్యాల పేటను చూపించవలసి వచ్చినప్పుడు చిల్లుల పేట కొట్టాడు. అలంకారం ఆ అవసరం వెంట వచ్చింది.

సూరా చుక్కకూ ఈ చుక్కకూ తేడా అక్కడే ఉంది. సూరా చుక్క ఒక పదార్థం, పటం మీద పెట్టిన రంగుముద్ద. తోలుబొమ్మ మీది చుక్క పదార్థం లేని చోటు. ఒకటి చేర్చడం వల్ల వచ్చింది, ఒకటి తీయడం వల్ల వచ్చింది. పోలిక మరికొంత దూరం పోతుంది. ‘గ్రాంద్ జాత్’ పటంలో సూరా వాడిన జింకు పసుపు కొన్నేళ్ళకే మాగి గోధుమరంగుకు తిరిగింది. ఎండ వెలుగు చూపవలసిన చుక్కలు మసకబారాయి. 1926 నుంచి షికాగో కళాసంస్థలో ఉన్న ఆ పటాన్ని చూసేవారు సూరా చూసిన రంగులన్నీ చూడడం లేదు. తోలుబొమ్మ మీది ఎరుపు, ఆకుపచ్చ కూడా వెలుస్తాయి. చిల్లుకు మాత్రం వెలిసేందుకు రంగు లేదు. దాని శత్రువు వేరు. తోలు ఎండి పెళుసెక్కినప్పుడు రెండు చిల్లుల నడుమనున్న సన్నని పేగులాంటి భాగం తెగుతుంది. ముత్యాల పేట కాస్తా ఒక చీలిక అవుతుంది. బొమ్మ సాధారణంగా పాడయ్యేది కీళ్ళ దగ్గర, ఆ తరువాత నగల దగ్గర.

మరొక సంగతి. చిల్లులు బొమ్మలో రంగుకూ రంగుకూ నడుమ గట్టు వంటివి. ఎర్రని పంచె పక్కన ఆకుపచ్చ నడికట్టు వస్తే వాటి మధ్య ఒక చుక్కల వరుస ఉంటుంది. దూరాన నేలమీద చాప వేసుకొని కూర్చున్నవాడికి రెండు రంగులూ కలిసి మురికి కాకుండా ఆ వెలుగు గట్టు ఆపుతుంది. సూరా రంగులు కంటిలో కలవాలని చుక్కలు పెట్టాడు. మనవాడు కంటిలో కలవకూడదని పెట్టాడు. ఈ తేడాను గుర్తించకుండా ‘మన పల్లెల్లో ఎప్పుడో బిందుచిత్రణ ఉంది’ అని రాయడం వట్టి గొప్ప. అలాంటి రాతలు మనకు కొత్త కావు.

చుక్క ఆడేది కూడా. బొమ్మను తెరకు ఒత్తి పట్టితే చిల్లు అంచు స్పష్టంగా పడుతుంది. తెరనుంచి కాస్త వెనక్కు లాగితే చుక్క పెద్దదై అంచులు చెదిరి మసకబారుతుంది. ఆముదపు దీపాల కాలంలో గాలికి వత్తి ఊగినప్పుడల్లా చుక్కల వెలుగు హెచ్చుతగ్గులయ్యేది. నగ తళుక్కుమన్నదనిపించేది. తొడలపై చేతులు చరిచి యుద్ధానికి వచ్చే రావణుని కిరీటం కదలకుండా ఉండగలదా? పెట్రోమాక్సు, ఆ తరువాత విద్యుద్దీపం వచ్చాక వెలుగు హెచ్చింది. రంగులు బాగా కనిపించాయి. తళుకు తగ్గింది. లాభమో నష్టమో చెప్పడం కష్టం. వెనుక వరుసలో కూర్చున్నవారికి మాత్రం తప్పక లాభమే.

పక్క ప్రాంతాలను చూస్తే మన పద్ధతి ఎంత ప్రత్యేకమో తెలుస్తుంది. కేరళ తోల్పావకూత్తులో జింకతోలు బొమ్మలు చాలావరకు వెలుగు దాటనివి. నల్లని నీడలో చిల్లులొక్కటే రూపాన్ని చూపిస్తాయి. ఒరిస్సా రావణఛాయలో బొమ్మలు చిన్నవి, కీళ్ళు లేనివి, రంగు లేనివి. జావా వాయాంగ్ బొమ్మల్లో ఉలిపని మనకంటె ఎంతో సన్నం. రంగూ, పారదర్శకమైన తోలూ, చిల్లూ, మూడింటినీ కలిపి పెద్ద బొమ్మ మీద వాడినది తెలుగు, కన్నడ సీమల్లోనే. ఈ రెంటిలో కూడా రెండు పద్ధతులు కలగలసి ఉన్నాయి. కన్నడంలో దీని పేరు ‘తొగలు గొంబె ఆట’. ‘తొగలు’ మన ‘తోలు’కు సోదరపదం, ‘గొంబె’ మన ‘బొమ్మ’ పక్కింటిది. చిన్న బొమ్మల పద్ధతి, పెద్ద బొమ్మల పద్ధతి అని కర్ణాటకలో రెండు తెగలు చెబుతారు. పెద్ద బొమ్మలది ఆంధ్ర సరిహద్దు వైపు వాడుక.

ఇక చరిత్ర. తెలుగు సాహిత్యంలో బొమ్మలాట ప్రస్తావనకు పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’ను ముందుగా ఎత్తుకోవడం పరిపాటి. శివరాత్రికి శ్రీశైలంలో జరిగే ఆటపాటల వర్ణనలో బొమ్మలాటకూ చోటుంది. అంటే కాకతీయుల నాటికే ఈ ఆట జనానికి బాగా తెలిసినదన్నమాట. ఆటలో వాడే పాఠానికి ఆధారం ఎక్కువగా గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం. ద్విపద పాడడానికి, మధ్యమధ్య వచనంతో కథ నడపడానికి అనువైనది. నడుమనడుమ కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరివాళ్ళ మీద హాస్యాలాడతారు. మొదలి నాగభూషణశర్మ గారు తోలుబొమ్మలాట మీద ఇంగ్లీషులో రాసిన గ్రంథాన్ని సంగీత నాటక అకాడమీ 1985లో ప్రచురించింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జోనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1984లో ఇదే విషయం మీద డాక్టరేటు సిద్ధాంతవ్యాసం సమర్పించారు. ఇద్దరూ ఆటను, పాటను, పాఠాన్ని ఎక్కువగా పట్టించుకొన్నారు.

బొమ్మల వయసు చెప్పడంలో ఒక చిక్కు ఉంది. ఆడి ఆడి చివికిన బొమ్మను బొమ్మలాటవారు పారవేయరు. దేవుడి బొమ్మను దేవుడిగానే సాగనంపి ఏట్లో విడిచిపెట్టడం ఆచారం. భక్తి దృష్టితో అది ఎంత సబబో చరిత్రకారుడికి అంత నష్టం. చిల్లుల నమూనాలు ఏ శతాబ్దంలో ఎలా మారాయో వరసపెట్టి చూపడానికి కావలసిన పాత బొమ్మలు ఏటి పాలయ్యాయి. శిలకు, రాగిరేకుకు దక్కిన ఆయుస్సు తోలుకు దక్కలేదు. కాబట్టి సోమనాథుడి నాటి బొమ్మకు రంగు ఉందా, చిల్లులే ఉన్నాయా అన్నది సాహిత్యం నుంచి తేలే విషయం కాదు. లేపాక్షి పోలిక మాత్రం పదహారో శతాబ్దపు చిత్రకళా సంప్రదాయం తరువాతి తోలుబొమ్మకు అందిందని అనుకోవడానికి బలమిస్తుంది.

ఈ బొమ్మలు చేసేవారు ఎవరన్నది మన విద్యార్థులు ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. థర్స్టన్ గ్రంథంలోనే ‘కిళ్ళేక్యాత’ అన్న శీర్షిక కింద వీరిని తెలుగు, కన్నడ, తమిళ సీమల్లో ఊరూరా తిరిగి బొమ్మలు చూపే మరాఠీవారుగా చెప్పాడు. మరాఠీవారిని తెలుగులో ఆరెవారు అనడం పాత వాడుక. సిందే, దళవాయి వంటి ఇంటిపేర్లు ఈనాటికీ వారిలో ఉన్నాయి. ఇంట్లో మరాఠీ కలిసిన మాట, తెర వెనుక తెలుగు ద్విపద, గీత దాటి పోతే కన్నడం. వీరు ఎప్పుడు వచ్చారన్న దానికి ఒక అనుకూలమైన సందర్భం చరిత్రలో కనబడుతుంది. 1638 తరువాత బెంగుళూరు శహాజీ భోంస్లే జాగీరు అయింది. కోలారు, హొసకోట, బళ్ళాపురం సీమలు ఆయన ఏలుబడిలోకి వచ్చాయి. ఆయన కొడుకు ఏకోజీ 1670 దశకంలో తంజావూరు చేరాడు. మరాఠీ మాట్లాడే సైనికులు, వ్యాపారులు, కళాకారులు ఈ దారిన దక్షిణానికి సాగినప్పుడు చాకవేలు వంటి ఊళ్ళున్న సీమ ఆ దారి మీదనే ఉంది. అయితే ఆట అంతకు ముందే మనకుంది గదా, సోమనాథుడు సాక్ష్యం. కనుక వచ్చినవారు ఆటను తెచ్చారనడం కంటె, ఇక్కడ ఉన్న ఆటలోకి తమ చేతిపనితో వచ్చి చేరారనడం నాకు సబబుగా తోస్తుంది. తెలుగు ద్విపదను మరాఠీ ఇంటివారు తరతరాలు కంఠస్థం చేసి నిలబెట్టారంటే, తెలుగు కళ అంటే తెలుగు ఇంటివారి కళ మాత్రమే అన్న లెక్క నిలవదు.

నేటి పాలనా లెక్కలు ఇందుకు ఎదురు నడుస్తాయి. భౌగోళిక గుర్తింపు కింద ఈ కళ నమోదైన పేరులో ఆంధ్రప్రదేశ్ ఉంది. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు అది ఆంధ్రప్రదేశ్ లెక్కలో పడింది. న్యాయమే. ఆయనా ఆయన ఊరూ ఆ రాష్ట్రంలోనివే. బళ్ళారి బెళగల్లు వీరణ్ణ గారు తొగలు గొంబెతో జీవితమంతా గడిపారు. ఆయన పేరు కర్ణాటక లెక్కలో ఉంది. బళ్ళారి 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోది. అనంతపురం జిల్లా 1882 దాకా బళ్ళారి జిల్లాలో భాగం. బొమ్మల పెట్టె భుజాన వేసుకొని తిరిగిన మనిషికి ఈ తారీఖులు ఏవీ పట్టలేదు. వానలు లేని ఏడు ఎటు పంట పండితే అటు నడిచాడు. అతను ఆడిన ఊళ్ళ పట్టిక ఎవరూ రాయలేదు. బాగేపల్లి సీమలో ఆడిన ఆటలు అనంతపురం వారి పుస్తకంలోనూ పడలేదు, మైసూరు వారి పుస్తకంలోనూ పడలేదు. ఊరూరా పెద్దవారిని అడిగి ఆ పట్టిక తయారు చేయడం ఇప్పటికీ అసాధ్యం కాదు. కాని రాత్రంతా కూర్చుని ఆట చూసిన తరం వయసు మళ్ళింది. పదేళ్ళు ఆగితే అడగడానికి మనుషులుండరు. తెలుగు ఇంట్లో పుట్టి కన్నడ బడిలో చదివిన విద్యార్థి ఈ పనికి అందరికంటె అర్హుడు. అతనికి రెండు వైపుల పేర్లూ తెలుసు.

ఆటకు పిలుపులు తగ్గాయి. సినిమా, ఆ వెనుక టెలివిజన్ వచ్చాక రాత్రంతా సాగే రామాయణానికి ఊరు కూడడం లేదు. బొమ్మ చేసే చెయ్యి ఊరుకోలేదు. ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధం నుంచి నిమ్మలకుంట ఇళ్ళలో దీపపు గొడుగులు, గోడపటాలు, తలుపు తెరలు తయారవుతున్నాయి. ఢిల్లీ, బెంగుళూరు సంతల్లో వాటికి గిరాకీ ఉంది. దీపపు గొడుగు మీద చిల్లుల పని బొమ్మ మీద కంటె ఎక్కువగానే ఉంటుంది. కథ లేదు గనుక నమూనా నిండుగా ఉండాలి, కొనేవాడు చూసేది దానినే. నెమళ్ళు, తామరలు, చెట్లు. ఒకప్పుడు దీపం తెర వెనుక ఉండేది, చుక్క తెర మీద పడేది. ఇప్పుడు దీపం తోలు లోపలే ఉంది, చుక్క గది గోడల మీద పడుతుంది. ఉలి అదే, సుత్తి అదే, చెక్క దిమ్మ అదే. ద్విపద ఒక్కటీ లేదు. ఆ ఇళ్ళ పిల్లలు నేర్చుకొంటున్నది చిల్లులు కొట్టడం. పాట నేర్చుకొనేవారు అరుదు. దీనిని కళ పతనమని ఏకవాక్యంలో తీర్పు చెప్పేవారున్నారు. బొమ్మలాటవాడు ఆకలితో చచ్చి కళను శుద్ధంగా ఉంచాలని వారి అభిప్రాయం కాబోలు.

బెంగుళూరులో ఉన్నవారు కర్ణాటక చిత్రకళా పరిషత్తుకు వెళ్ళి తోలుబొమ్మలను స్వయంగా చూడవచ్చు. 1960లో మొదలైన ఆ సంస్థ కోసం ఆచార్య ఎం. ఎస్. నంజుండరావు గారు వాటిని సేకరించారు. అయితే ఎక్కడ చూసినా ఒక జాగ్రత్త అవసరం. అద్దాల పెట్టెలో పెట్టి ముందునుంచి దీపం వేస్తే తోలు మట్టిరంగులో మందంగా కనిపిస్తుంది, రంగులు మొద్దుగా ఉంటాయి, నగల చోట చిల్లులు నల్లగా కనబడతాయి. వీలైతే బొమ్మకు వెనుకవైపు ఒక దీపం పెట్టించి, పది అడుగులు వెనక్కు జరిగి నిలబడండి.